డార్క్ కామెడీనే నమ్ముకుని ఇండిపెండెంట్ దర్శకుడిగా నిలబడొచ్చా?

మీరు రాసింది క్లుప్తంగా చెప్పుకుంటే ఇదీ. ఇప్పటికి రెండు షార్ట్ ఫిల్మ్‌లు తీశారు, రెండూ డార్క్ కామెడీలే, అంటే చావు, నేరం లాంటి చేదు విషయాల్లోంచి నవ్వు పుట్టించేవి. స్నేహితులు పడీ పడీ నవ్వారు, ఫెస్టివల్స్ మాత్రం వరసగా తిప్పికొట్టాయి. తండ్రి చనిపోయిన సంగతిని పెన్షన్ కోసం దాచిపెట్టే ఇద్దరు అన్నదమ్ముల మీద ఒక ఫీచర్ (పూర్తి నిడివి సినిమా) స్క్రిప్ట్ రాశారు. చదివిన ఒక నిర్మాత "ముందు ఇది కామెడీయో సీరియస్ సినిమాయో తేల్చుకోండి" అన్నారు. ఇంకొకాయన చావు మీద జోకులు తనకి పడవన్నారు. ఈ ఒక్క జానర్‌నే పట్టుకుంటే కెరీర్ ఉంటుందా, లేకపోతే ముందు మామూలు థ్రిల్లర్ ఒకటి తీసి పేరు తెచ్చుకుని అప్పుడు ఇటు రావాలా అన్నది మీ టెన్షన్.

కెరీర్ ఉంటుంది. సినిమాకీ సినిమాకీ మధ్య ఎన్నేళ్లు పడుతుంది, ఆ ఏళ్లలో ఇల్లు ఎలా గడుస్తుంది అన్నవి వేరే ప్రశ్నలు. వాటికీ వస్తాను.

ముందు ఆ మొదటి నిర్మాత మాట తీసుకుందాం. ఆయన మీద మీకు బాగా కోపం వచ్చినట్టుంది. నా దృష్టిలో ఆయన అడిగింది న్యాయమే. థ్రిల్లర్ స్క్రిప్ట్ బాగుంటే టెన్షన్ కాగితం మీదే తెలిసిపోతుంది. ప్రేమకథ అయినా అంతే. డార్క్ కామెడీకి ఆ వసతి లేదు. మీ కథలోనే చూడండి: తండ్రి శవం పక్క గదిలో ఉంది, ఆయన ఫోన్ పాస్‌వర్డ్ ఏమిటని కొడుకులిద్దరూ గుసగుసగా పోట్లాడుకుంటున్నారు. దీన్ని ఒకరు గుండె బరువెక్కే సీన్‌గా చదువుతారు, ఇంకొకరు చవకబారు స్కిట్‌గా చదువుతారు. మీ బుర్రలో నడుస్తున్న మూడో రకం ఆ పేజీలో ఎక్కడా లేదు. కెమెరా ఎంత దూరంలో ఉంది, నటుడు ఎంతసేపు ఆగాడు, కట్ ఎక్కడ పడింది అన్న వాటిలో అది ఉంటుంది. అంటే మీరు అమ్మబోయే సరుకు టోన్ (సినిమా కథని చెప్పే స్వరం), అదేమో స్క్రిప్ట్‌లో కనిపించదు. సినిమా పుట్టకముందే ఆ టోన్‌ని ఎదుటివాళ్లకి చూపించగలగాలి, సినిమా పూర్తయ్యేదాకా దాని మీద వేరేవాళ్ల చెయ్యి పడకుండా కాపాడుకోవాలి. బడ్జెట్, నటులు, ఫెస్టివల్స్, కాంట్రాక్టులు అన్నిటినీ నేను ఈ లెక్కలోనే చూస్తాను.

చూపించడం ఎలాగో అమెరికన్ దర్శకులు కోయెన్ సోదరుల మొదటి సినిమా 'బ్లడ్ సింపుల్' (1984) దగ్గర నేర్చుకోవచ్చు. అప్పటికి వాళ్లెవరో ఎవరికీ తెలియదు. తీయని సినిమాకి ముందే ట్రైలర్ తీసి, దాన్ని పట్టుకుని మినియాపొలిస్‌లో ఇంటింటికీ తిరిగి, సినిమాతో ఏ సంబంధమూ లేని వాళ్ల దగ్గర డబ్బు పోగుచేశారు. ఈ కిటుకు ఇంకో దర్శకుడు శామ్ రైమి దగ్గరిది. ఆయన కూడా 'ద ఈవిల్ డెడ్' కోసం ముందు ఒక చిన్న సినిమా తీసి పెట్టుబడిదారులకి చూపించారు, జోయెల్ కోయెన్ అదే సినిమాకి అసిస్టెంట్ ఎడిటర్‌గా పనిచేశారు. 'బ్లడ్ సింపుల్' సుమారు 15 లక్షల డాలర్లతో పూర్తయింది. 1985లో, తర్వాత సన్‌డాన్స్‌గా పేరు మారిన ఫెస్టివల్‌లో గ్రాండ్ జ్యూరీ బహుమతి తీసుకుంది.

మీరు మాత్రం ట్రైలర్ తీయకండి. ముక్కలు ముక్కలుగా కోసిన ట్రైలర్‌లో థ్రిల్ కనిపిస్తుంది కానీ, ఈ రకం హాస్యానికి కావాల్సిన నిడివి ఉండదు. ఫీచర్‌లోంచి ఒకే ఒక సీన్, మూడు నాలుగు నిమిషాలది, ఫీచర్‌లో ఎలా తీస్తారో అచ్చం అలాగే తీయండి. అన్నిటికంటే నవ్వొచ్చే సీన్ వద్దు. శవం ఉన్న సీన్ కూడా వద్దు. శవం సంగతి తెలియని పక్కింటాయన "పెద్దాయన కనపడట్లేదేంటి" అని తలుపు కొట్టి, లోపలికొచ్చి కూర్చుని ఎంతకీ కదలని సీన్ ఒకటి మీ స్క్రిప్ట్‌లో ఉందన్నారు చూడండి, అది తీయండి. చూసేవాడికి భయం, నవ్వు, ఆ కొడుకుల మీద జాలి ఒకే నిమిషంలో కలగాలి. దాన్ని తీసుకుని మళ్లీ ఆ మొదటి నిర్మాత దగ్గరికే వెళ్లండి. ఆయన ప్రశ్నకి జవాబు అక్కడే ఉంటుంది. రెండో ఆయన్ని వదిలేయండి. అభిరుచి వేరైన మనిషిని ఒప్పించి డబ్బు పెట్టించుకున్నా, ఎడిట్ టేబుల్ దగ్గర ఆ పాత అభ్యంతరమే మళ్లీ లేస్తుంది.

ఇక స్నేహితులు నవ్వారు, ఫెస్టివల్స్ నవ్వలేదు అన్నది. స్నేహితులకి మీరు తెలుసు. మీ గొంతు వాళ్ల చెవిలో ఉంటుంది కాబట్టి టోన్ వాళ్లకి ముందే తెలుసు. పైగా పదిమంది కలిసి కూర్చుంటే ఒకరి నవ్వు ఇంకొకరికి అంటుకుంటుంది. ఫెస్టివల్‌కి వచ్చిన సినిమాలు వడపోసే మనిషి ఒంటరిగా, చెవుల్లో హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, ఆ రోజు చూడాల్సిన గుట్టలో మీదాన్నీ ఒకటిగా చూస్తాడు. ఒంటరిగా ఉన్న మనిషి పైకి నవ్వడం అరుదు. అందుకని షార్ట్ ఫిల్మ్ నవ్వు లేకుండా కూడా కథగా నిలబడాలి: ఈ మనిషికి ఏం కావాలి, అది ఎప్పట్లోగా కావాలి, దొరక్కపోతే ఏమవుతుంది. ఈ మూడూ మొదటి నిమిషంలో తెలిసిపోతే నవ్వు ఆలస్యంగా వచ్చినా ఫర్వాలేదు.

నేను ఏ కట్ అయినా రెండు రకాలుగా పరీక్షిస్తాను. మొదట ఒక్కొక్కరికీ విడివిడిగా చూపించి పక్కన కూర్చుంటాను. వాళ్ల అభిప్రాయం అడగను, ఫోన్ వైపు ఎప్పుడు చూశారో మాత్రం రాసుకుంటాను. తర్వాత నన్ను ఎరగని వాళ్లతో గది నింపి, ఆ గది చప్పుడంతా ఫోన్‌లో రికార్డు చేసి, మర్నాడు దాన్ని ఎడిట్ టైమ్‌లైన్ కింద పరుస్తాను. చాలా సంగతులు బయటపడతాయి. ఈ జానర్‌లో నవ్వు అర సెకను లేటుగా వస్తుంది, ఎందుకంటే ఇక్కడ నవ్వొచ్చా కూడదా అని జనం ఒక్క క్షణం తేల్చుకుంటారు. ఆ అర సెకనులోనే మీరు తర్వాతి డైలాగ్ వేసేస్తే నవ్వు చచ్చిపోతుంది. కొన్నిచోట్ల నవ్వు బదులు దగ్గు వినిపిస్తుంది, కుర్చీలు కదిలిన చప్పుడు వస్తుంది. ఆ చోటు బాగోలేదని వెంటనే కోసేయకండి. నవ్వకపోయినా ఇబ్బందిపడ్డారంటే సీన్ పనిచేస్తున్నట్టే. ఏ చప్పుడూ లేని చోటే చూసుకోవాల్సింది.

నిడివి గురించి ఒక్కమాట. ఫెస్టివల్స్ షార్ట్‌లని కొన్నిటిని కలిపి గంటన్నర ప్రోగ్రామ్‌గా వేస్తాయి. 25 నిమిషాల సినిమా రెండు సినిమాల చోటు తినేస్తుంది, కాబట్టి అది రెండింతలు బాగుండాలి. ఆస్కార్ నిబంధనల్లో షార్ట్ ఫిల్మ్ అంటే టైటిల్స్‌తో కలిపి 40 నిమిషాలలోపు అని ఉంటుంది కదా అని చాలామంది ఆ గీత దాకా సాగదీస్తారు. 12 నిమిషాల్లో చెప్పగలిగితే 12లోనే ఆపండి.

టోన్ ఎక్కడ చెడిపోతుందో కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే మీ రెండు షార్ట్‌ల లింకులూ చూశాను, రెంటిలోనూ అవే జబ్బులున్నాయి. మొదటిది సంగీతం. శవాన్ని కార్లోకి ఎక్కిస్తుంటే వెనకాల గెంతుతూ పోయే ట్యూన్ వేశారు. "ఇది నవ్వే చోటు" అని ప్రేక్షకుడికి వేలు పెట్టి చూపించినట్టయింది. కోయెన్ సోదరుల 'ఫార్గో' (1996)కి కార్టర్ బర్వెల్ చేసిన సంగీతం వినండి. నార్వే జానపద బాణీ ఒకటి తీసుకుని మహా విషాదానికి వాయించినంత గంభీరంగా వాయించారు. తెర మీద మనుషులు ఎంత తెలివితక్కువగా ప్రవర్తిస్తున్నా సంగీతం మాత్రం వాళ్లని సీరియస్‌గానే తీసుకుంటుంది. నవ్వు ఆ రెండిటి మధ్య ఖాళీలోంచి వస్తుంది.

రెండోది నటులు. మీ పెద్దన్న పాత్రధారికి తాను కామెడీలో ఉన్నానని తెలిసిపోయింది. ప్రతి డైలాగ్ తర్వాత కనుబొమ్మలు కాస్త లేస్తున్నాయి. పాత్రకి తన బతుకు కామెడీ అని తెలియకూడదు. కామెడీ బాగా చేస్తారని పేరున్న వాళ్లకంటే, విషాదం నమ్మేలా చేసే స్టేజీ నటులు ఈ పనికి ఎక్కువ పనికొస్తారన్నది నా అభిప్రాయం. దీనికి ఎదురు ఉదాహరణ కూడా ఉంది. 'డాక్టర్ స్ట్రేంజ్‌లవ్' (1964)లో జనరల్ వేషం వేసిన జార్జ్ సి. స్కాట్‌తో దర్శకుడు కుబ్రిక్ కొన్ని టేకులు కావాలనే అతిగా చేయించి, అవి రిహార్సల్ కోసమేనని నమ్మించి, చివరికి వాటినే సినిమాలో వాడుకున్నారు. సినిమాకి అవి బాగా అమరాయి. స్కాట్‌కి మాత్రం ఒళ్లు మండింది. అంతటి కుబ్రిక్‌కే చెల్లింది, మీరు నేను ఆ పని చేస్తే తర్వాతి సినిమాకి నటులు ఫోన్ ఎత్తరు.

మూడోది ఎడిట్. 'డాక్టర్ స్ట్రేంజ్‌లవ్'కే చివర్లో వార్ రూమ్‌లో అందరూ ఒకరి మీద ఒకరు క్రీమ్ పైలు విసురుకునే పెద్ద సీన్ తీశారు. ఎంతో ఖర్చుపెట్టి తీసిన ఆ సీన్ మొత్తాన్నీ కుబ్రిక్ కత్తిరించేశారు, మిగతా సినిమా వ్యంగ్యంలో నడుస్తుంటే అది ప్రహసనంలోకి జారిపోయిందని. మీ రెండో షార్ట్ చివర ఉన్న పరుగుల సీన్ గురించి ఇంతకంటే చెప్పక్కర్లేదనుకుంటా.

చావు మీద జోకులు అన్న అభ్యంతరం వచ్చింది కాబట్టి అదీ తేల్చేద్దాం. చావు మీద జోకేయడం తేలిక, అది ఎవరికీ గుర్తుండదు. చావు చుట్టూ బతికున్నవాళ్లు చేసే పనుల్లో, మర్యాదల్లో, కాగితాల్లో, ఆశల్లో ఉంటుంది సరుకు. కుందన్ షా తీసిన 'జానే భీ దో యారోఁ' (1983)లో ఒక మున్సిపల్ కమిషనర్ శవాన్ని సినిమా సగం దూరం ఈడుస్తారు, అది మహాభారత నాటకం స్టేజీ మీదికి కూడా ఎక్కుతుంది. కానీ ప్రేక్షకుడు నవ్వేది శవం మీద కాదు, ఆ శవం ఎవరికి ఎందుకు కావాలో చూసి. చివరికి ఏ తప్పూ చేయని ఇద్దరు కుర్రాళ్లు ఖైదీ బట్టల్లో మనవైపు చూసి గొంతు కోసినట్టు సైగ చేస్తారు. అప్పటిదాకా నవ్విన నవ్వంతా అక్కడ గొంతుకి అడ్డం పడుతుంది. మీ స్క్రిప్ట్‌లో అన్నదమ్ములకి ఆ పెన్షన్ ఎందుకంత అవసరమో ఒక్క సీన్ కూడా లేదు. అది లేకపోతే వాళ్లు దొంగలు, మీరు వాళ్లని ఎగతాళి చేస్తున్నవారు అవుతారు. ముందు అది రాయండి.

ఇప్పుడు డబ్బు, కాలం. కుందన్ షా ఉదాహరణే ఇంకొంచెం సాగదీస్తాను. 'జానే భీ దో యారోఁ' ఎన్‌ఎఫ్‌డీసీ (ప్రభుత్వ సినిమా అభివృద్ధి సంస్థ) డబ్బుతో కొద్ది లక్షల్లో తీసింది, తొలి దర్శకుడికిచ్చే ఇందిరా గాంధీ అవార్డు తెచ్చిపెట్టింది, ఇవాళ క్లాసిక్ అంటారు. ఆయన తర్వాతి సినిమా తెరకెక్కింది 1994లో. మధ్యలో పదేళ్లూ టీవీ సీరియళ్లు: 'యే జో హై జిందగీ', 'నుక్కడ్', 'వాగ్లే కీ దునియా'. స్వీడన్ దర్శకుడు రాయ్ ఆండర్సన్ది ఇంకా పెద్ద విరామం. 1975లో రెండో సినిమా దెబ్బతిన్నాక పాతికేళ్లు వాణిజ్య ప్రకటనలు తీశారు, ఆ సంపాదనతో సొంత స్టూడియో కట్టుకున్నారు, 2000లో 'సాంగ్స్ ఫ్రమ్ ద సెకండ్ ఫ్లోర్' తీసుకుని ఫ్రాన్స్‌లోని కాన్ ఫెస్టివల్‌కి వెళ్లి జ్యూరీ బహుమతి పట్టుకొచ్చారు. 2014లో వెనిస్ ఫెస్టివల్ పెద్ద బహుమతి గోల్డెన్ లయన్. ఆ సినిమాల్లోని కదలని ఫ్రేము, పొడి హాస్యం ఆయన యాడ్స్‌లోనే పదును తేలాయి. అంటే పక్క ఉద్యోగం ఏదైనా సరే అనుకోవద్దు, టోన్‌కి సాధన అయ్యేది ఎంచుకోండి. నన్నడిగితే ఎడిటింగ్ అన్నిటికంటే మంచిది, తర్వాత యాడ్స్, తర్వాత వేరేవాళ్ల స్క్రిప్టులకి డైలాగులు రాయడం. పెద్ద సెట్ల మీద ఏళ్లతరబడి అసిస్టెంట్ డైరెక్టర్‌గా ఉండిపోవడం మాత్రం వద్దంటాను. షెడ్యూళ్లు నడపడం బ్రహ్మాండంగా వస్తుంది, మీ గొంతు మాత్రం మీకే వినపడటం మానేస్తుంది.

బడ్జెట్ చిన్నదిగా ఉంచమని నేను చెప్పేది పొదుపు కోసం కాదు. డబ్బు పెరిగేకొద్దీ "ఆఖర్లో కాస్త ఊరట ఉంటే బాగుంటుంది" అనే హక్కున్న మనుషులు పెరుగుతారు. గ్రీకు దర్శకుడు యోర్గోస్ లాంతిమోస్ 'డాగ్‌టూత్' (2009) దాదాపు ఒకే ఇంట్లో, చాలా తక్కువ డబ్బుతో, గ్రీకు భాషలో, ఏ రాజీ లేకుండా తీశారు. కాన్‌లో అన్ సర్టెన్ రిగార్డ్ అనే విభాగం బహుమతి, తర్వాత విదేశీ భాషా విభాగంలో ఆస్కార్ నామినేషన్ వచ్చాయి. 2015లో 'ద లాబ్‌స్టర్'కి ఇంగ్లీషు, పేరున్న నటులు, ఇంకాస్త డబ్బు అన్నీ చేరాయి కానీ టోన్ అదే. తోడు రచయిత కూడా అదే మనిషి, ఎఫ్తిమిస్ ఫిలిప్పు. 2018కి 'ద ఫేవరిట్'తో పది ఆస్కార్ నామినేషన్లు. ఆ మొదటి చిన్న సినిమాలో వెనక్కి తగ్గి ఉంటే తర్వాత వచ్చినవాళ్లు ఆయన్ని దేనికోసం పిలిచేవాళ్లు?

ముందు థ్రిల్లర్ తీయాలా అన్నదానికి నా జవాబు: థ్రిల్లర్ ఎముకల మీద డార్క్ కామెడీ తీయండి. కొరియా దర్శకుడు బాంగ్ జూన్-హో మొదటి సినిమా 'బార్కింగ్ డాగ్స్ నెవర్ బైట్' (2000) డార్క్ కామెడీయే, టికెట్ల దగ్గర పోయింది. రెండోది 'మెమరీస్ ఆఫ్ మర్డర్' (2003) హత్యల దర్యాప్తు కథ, అందులో పోలీసుల చేతకానితనం మీద అదే రకం హాస్యం నిండా ఉంది, పెద్ద హిట్టయింది. పోస్టర్ మీద దర్యాప్తు, లోపల మీ టోన్. అమ్మేవాళ్లకి అమ్ముకోవడానికి ఒక మాట దొరుకుతుంది. మీకిష్టంలేని శుద్ధమైన థ్రిల్లర్ మాత్రం తీయకండి. అది ఆడితే అలాంటిదే ఇంకొకటి తీయమంటారు, ఆడకపోతే ఆ మాత్రం కూడా పిలవరు.

ఫెస్టివల్స్‌కి పంపేటప్పుడు ఏ తలుపు తడుతున్నారో చూసుకోండి. టొరంటోలో మిడ్‌నైట్ మ్యాడ్‌నెస్, సన్‌డాన్స్‌లో మిడ్‌నైట్ విభాగం, స్పెయిన్‌లో సిట్జెస్, టెక్సాస్‌లో ఫెంటాస్టిక్ ఫెస్ట్, కొరియాలో బుచియోన్ ఇలాంటివి వెతుక్కునే చోట్లు. షార్ట్‌లకైతే ఫ్రాన్స్‌లోని క్లెర్మాఁ-ఫెరాఁ. మీ సినిమాకి పదిమంది ప్రోగ్రామర్లు (ఫెస్టివల్‌కి సినిమాలు ఎంచేవాళ్లు) సగటు మార్కులు వేయడం కంటే, తొమ్మిదిమంది వద్దన్నా ఒకరు పట్టుబట్టడం మేలు. ఈ జానర్ సినిమాలు ఎక్కువగా అలాగే లోపలికి వెళ్తాయి.

అమ్మకాల దగ్గర రెండు జాగ్రత్తలు. అమెరికన్ దర్శకుడు టాడ్ సోలోండ్జ్ 'హ్యాపీనెస్' (1998)ని కాన్‌లో విమర్శకులు మెచ్చుకుని బహుమతి ఇచ్చాక కూడా, విడుదల చేయాల్సిన పంపిణీ సంస్థ మాతృ కంపెనీ అభ్యంతరంతో వదులుకుంది. నిర్మించినవాళ్లే బయటికి తేవాల్సి వచ్చింది. కాబట్టి కాంట్రాక్టులో ఫైనల్ కట్ ఎవరిది, పంపిణీదారు విడుదల చేయకపోతే హక్కులు ఎప్పటికి తిరిగొస్తాయి అన్న రెండు క్లాజులు సినిమా న్యాయవాదితో చూపించుకోకుండా సంతకం పెట్టకండి. సినిమాని పంపిణీదారులకి అమ్మిపెట్టే సేల్స్ ఏజెంట్ కమీషన్ పైన "ఖర్చులు" అని ఒక పద్దు ఉంటుంది, దానికి గరిష్ఠ పరిమితి రాయించండి. రెండోది, నిజమైన మనుషుల్ని పోలిన పాత్రలు, నిజమైన బ్రాండ్లు ఫ్రేమ్‌లో ఉంటే ఇన్సూరెన్స్ దగ్గర ఆగిపోతారు. మీ స్క్రిప్ట్‌లో ఆ బ్యాంకు పేరు ఇప్పుడే మార్చేయండి.

చివరిగా మీ షార్ట్‌ల సబ్‌టైటిల్స్. జోకులో ఆఖరి మాట నటుడు అనకముందే తెర కింద పడిపోతోంది. చదివేసినవాడు నటుడు అనేసరికి నవ్వడం అయిపోతుంది, లేదా అసలు నవ్వడు. అలాంటి వాక్యాన్ని రెండు సబ్‌టైటిల్స్‌గా విడగొట్టి, ఆ ఆఖరి మాటని నటుడి నోటితో పాటే వేయండి. రెండో షార్ట్‌లో సంగీతం తీసేసి, చివరి పరుగు కోసేసి, సబ్‌టైటిల్స్ సరిచేసి ఇంకా పంపని ఫెస్టివల్స్‌కి పంపండి. ఇప్పటికే వద్దన్న చోట్లకి అదే సినిమా మళ్లీ పంపేముందు వాళ్ల నిబంధనలు చదవండి, చాలాచోట్ల ఒప్పుకోరు. మొదటి షార్ట్‌ని ఇక ఆన్‌లైన్‌లో పెట్టేయండి. ఎడిట్‌తో బాగయ్యే రకం కాదది, కానీ అందులోని ఇంటర్వ్యూ సీన్ ఒక్కటి చూసి మిమ్మల్ని యాడ్‌కి పిలిచేవాళ్లు ఉంటారు.